బొంత

పాత నూలు బట్టలను పొరలు పొరలుగా పేర్చి, అవి జరగకుండా అంతటా దారంతో కుట్టి చేసే పడక బట్టను బొంత అంటారు. దీన్ని పరుచుకుంటారు, కప్పుకుంటారు, పసిపిల్లలకు పక్క వేస్తారు, నులకమంచం మీద మెత్తగా ఉండటానికి వేస్తారు. సాధారణంగా ఇంట్లోనే, ఇంటి ఆడవాళ్ళ చేతనే, కొత్తగా ఏమీ కొనకుండా తయారవుతుంది. ఇలాంటి వస్త్రాలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. ఈ వ్యాసం తెలుగువారి బొంతను కేంద్రంగా పెట్టుకుని దాని బంధువర్గాన్ని, చరిత్రను, తయారీని, ఇంటిపట్టున గడిపే కాలంతో దానికున్న సంబంధాన్ని వివరిస్తుంది.

నిర్వచనం, పోలికలు

బొంతకు రెండు లక్షణాలు తప్పనిసరి. ఒకటి, ఒకదానిమీద ఒకటి పడిన పొరలు. రెండు, పై పొర నుంచి అడుగు పొర దాకా దిగి మళ్ళీ పైకి వచ్చే కుట్టు. ఈ రెండింటినీ బట్టి దాన్ని తక్కిన పడక సరంజామా నుంచి వేరుచేయవచ్చు. దుప్పటి మగ్గం మీద నేసిన ఒంటిపొర బట్ట. గొంగడి గొర్రె ఉన్నితో నేసింది (చూ. గొంగడి). పరుపులో దూది దట్టంగా కూరి, అక్కడక్కడ మాత్రమే టాకాలు వేస్తారు. రజాయిలో రెండు బట్టల నడుమ ఏకిన దూదిని పలచగా పరిచి కుడతారు. బొంతలో వేరే కూరుడు ఉండదు, పాత బట్టే దాని పైభాగం, కూరుడు, అడుగుభాగం. ఇంగ్లీషు నుంచి వచ్చిన క్విల్టు అనే మాట బొంతకూ రజాయికీ కలిపి వాడుకలో ఉంది.

అతుకు పనిని, బొంతకుట్టును ఒకటిగా అనుకోవడం కద్దు. ముక్కలను పక్కపక్కన చేర్చి పెద్ద బట్టగా మలచడం అతుకు పని. పొరలను ఒకదానిమీద ఒకటి బిగించడం బొంతకుట్టు. ఒక్క ముక్క కూడా అతకని బొంతలు ఉన్నాయి, కుట్టు వేయని అతుకు దుప్పట్లూ ఉన్నాయి. రెండూ ఒకే వస్త్రంలో కలవడం మాత్రం చాలా చోట్ల ఆనవాయితీ.

చరిత్ర

బొంత చరిత్ర రాయడంలో ఒక చిక్కు ఉంది. అది అరిగిపోయేదాకా వాడే వస్తువు. చీర బొంతవుతుంది, బొంత చిరిగితే మరో బొంతకు లోపలి పొరవుతుంది, ఆపైన మసిగుడ్డ అవుతుంది. అందువల్ల వాడిన బొంతలు మిగలలేదు, దాచిన బొంతలు మిగిలాయి. మ్యూజియాల్లో కనిపించేవి ఎక్కువగా పెళ్ళికి, కానుకకు, వ్యాపారానికి కుట్టినవి. రోజూ పడుకున్న బొంతల గురించి తెలిసేది తక్కువ.

లభించిన ఆధారాల్లో పాతది ఈజిప్టులోని అబైడోస్ వద్ద దొరికిన చిన్న దంతపు బొమ్మ. మొదటి రాజవంశ కాలానికి, అంటే సుమారు క్రీ.పూ. 3000 నాటికి చెందిన ఆ రాజు బొమ్మ ఒంటిమీది అంగీ బొంతకుట్టు వేసినదానిలా కనిపిస్తుంది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మంగోలియాలోని నోయిన్-ఉలా సమాధుల్లో రష్యన్ అన్వేషకుడు కొజ్లోవ్ బృందం 1924-25లో వెలికితీసిన ఉన్ని పరుపుబట్ట సుమారు 2000 ఏళ్ళ నాటిది. దానిమీద కుట్టిన జంతువుల బొమ్మలు, సుడుల వరసలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఐరోపాలో మిగిలిన పాతవాటిలో ట్రిస్టన్ అనే వీరుడి కథను చూపే ట్రిస్టన్ క్విల్టులు ప్రసిద్ధం. సుమారు 1360-1400 మధ్య సిసిలీలో నార బట్టమీద కుట్టి, బొమ్మలున్న చోట అడుగునుంచి దూది కూరి ఉబ్బెత్తుగా చేశారు. వీటిలో ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, మరొకటి ఫ్లారెన్సులోని బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి.

భారతదేశంలో అతుకుల బట్ట ముందుగా కనిపించేది పడకమీద కాదు, సన్న్యాసి ఒంటిమీద. బౌద్ధ వినయపిటకం ప్రకారం మగధ దేశపు పొలాలు గట్లతో చదరాలుగా విడివడి ఉండటం చూసి, భిక్షువుల చీవరాన్ని అలాగే ముక్కలు కలిపి కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడు. విలువలేని గుడ్డలను ఏరి కుట్టుకోవడం వైరాగ్యానికి గుర్తయింది. పురావస్తు అన్వేషకుడు ఔరెల్ స్టెయిన్ 1907లో చేరిన చైనాలోని డున్‌హువాంగ్ బౌద్ధ గుహల నుంచి బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళినవాటిలో పట్టు ముక్కలతో కుట్టిన అతుకు వస్త్రాలు ఉన్నాయి. శంకరాచార్యుల పేరుతో ప్రసిద్ధమైన భజగోవింద స్తోత్రంలోనూ వీధిలో ఏరిన పాతగుడ్డల కంథ ధరించిన యోగి కనిపిస్తాడు. తెలుగులో కంత, బెంగాలీలో కాంథా ఈ కంథకు చెందినవే. చైతన్య మహాప్రభువు జీవితాన్ని చెప్పే చైతన్య చరితామృతంలోని ప్రస్తావన బెంగాలు కాంథాకు తొలి సాహిత్య సాక్ష్యాల్లో ఒకటిగా పరిశోధకులు చూపుతారు.

సముద్ర వ్యాపారంలో బొంతలు

పదహారు, పదిహేడు శతాబ్దాల్లో భారతీయ బొంత ఎగుమతి సరుకయింది. బెంగాలులోని సాత్‌గావ్ ప్రాంతంలో తెల్లని నూలు బట్టమీద పసుపుపచ్చ టస్సర్ పట్టుదారంతో వేట దృశ్యాలు, ఓడలు, బైబిలు కథలు కుట్టి పోర్చుగీసు వర్తకులకు అమ్మేవారు. పోర్చుగీసులో వీటిని కోల్చాలు అన్నారు.

తెలుగు తీరానికి ఈ చరిత్రలో ప్రత్యక్షమైన పాత్ర ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. ఈ తీరం నుంచి వెళ్ళిన ప్రధాన సరుకుల్లో కలంకారీ అద్దకం బట్టలు ఒకటి (చూ. కలంకారీ). నడుమ పూలచెట్టు, చుట్టూ అంచు ఉన్న పెద్ద పడక బట్టలను వర్తకులు పలంపూర్లు అనేవారు. వాటికి అడుగుబట్ట వేసి, మధ్యలో పలచగా దూది పరిచి బొంతకుట్టు వేస్తే మంచం మీది క్విల్టు తయారు. ఉతికినా వెలవని ఎరుపు, నీలి రంగులు ఐరోపా ఇళ్ళను ఎంతగా ఆకట్టుకున్నాయంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు ఆందోళనకు దిగారు. ఫ్రాన్సు 1686లో ఈ అద్దకం బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని కట్టడిచేసి, 1721లో వాటిని ఒంటిమీదే కాదు, ఇంటి సామాన్లలో వాడటాన్ని కూడా నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

దొరకని బట్ట ముక్క విలువ పెరిగింది. భారతీయ అద్దకం బట్టలోని పువ్వులను, పక్షులను చుట్టూ కత్తిరించి తెల్లబట్టమీద పరిచి కుట్టే పద్ధతి ఐరోపాలో, తర్వాత అమెరికాలో వ్యాపించింది. ఇంగ్లండులో మిగిలిన అతుకు క్విల్టుల్లో అతి పాతదిగా చెప్పే లెవెన్స్ హాల్ క్విల్టు సుమారు 1708 నాటిది, అందులోని ముక్కలు భారతీయ అద్దకం బట్టలవి. ఏ ఊరి అద్దకమో దానిమీద రాసి లేదు. అయినా పాశ్చాత్య క్విల్టు చరిత్రను తెలుగువారు పరాయి చరిత్రగా చదవనక్కర్లేదని ఆ కాలపు వ్యాపారం చూపుతుంది.

తెలుగు నాట వాడుక

కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో బొంత అన్ని కులాల, అన్ని స్థాయుల ఇళ్ళలోనూ వాడుకలో ఉండేది. కలిగిన ఇంట్లో అది పరుపుమీద మెత్తకు, పిల్లలకు. లేని ఇంట్లో పరుపూ అదే, దుప్పటీ అదే. ఎడ్లబండిలో గడ్డి పరిచి దానిమీద వేసేదీ, చేను కాపలాకు మంచెమీదికి తీసుకెళ్ళేదీ బొంతే.

పసిపిల్లల బొంతది ప్రత్యేక స్థానం. బిడ్డ పుట్టకముందు కొత్తబట్టలు కొనకపోవడం చాలా ఇళ్ళలో ఆచారం. పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డలుగా, పక్కబొంతగా అమ్మమ్మ, నాయనమ్మల పాత నూలు చీరలు వాడతారు. ఆచారం అలా ఉంచితే, దీనికి బట్ట గుణంలోనే కారణం ఉంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలులో గంజి, అదనపు రంగు పూర్తిగా పోయి పోగులు మెత్తబడతాయి, తడిని త్వరగా పీలుస్తాయి. చంటిపిల్లల చర్మాన్ని ఒరుసుకోదు. ఈ బొంతలు రెండు మూడు పొరలతోనే ఉంటాయి, రోజూ ఉతికి ఆరేయడానికి వీలుగా.

వృత్తి కళాకారుల వేషధారణలోనూ బొంత ఉంది. సంక్రాంతికి ఇంటిముందుకు వచ్చే గంగిరెద్దు వీపుమీద రంగురంగుల గుడ్డలతో కుట్టిన బొంత కప్పుతారు. ఇళ్ళవాళ్ళు ఇచ్చిన పాతబట్టలు అందులో చేరుతాయి (చూ. గంగిరెద్దులవారు). తండాల్లో బంజారా స్త్రీలు అతుకు పని, అద్దాలు, గవ్వలు, ముతక దారపు కుట్టు కలిపి చేసే బట్టలు ఇంటి బొంత కంటే అలంకారంలో చాలా ముందుంటాయి (చూ. బంజారా కుట్టుపని). ఏకిన దూదితో పరుపులు, రజాయిలు కుట్టడం దూదేకులవారి వృత్తి. పెద్ద విల్లు తాటిని దూదిలో ఉంచి కొయ్యతో కొడితే ఆ అదురుకు పింజలు విడిపోతాయి. ఆ విల్లు చప్పుడు వీధిలో వినిపిస్తే పాత పరుపులు బయటికి తెచ్చేవారు. యంత్రాలు వచ్చాక ఈ పని బాగా తగ్గింది (చూ. దూదేకులు).

భాషలో బొంత అంత గౌరవం పొందలేదు. పొంతన లేని పొత్తులను అతుకుల బొంత అని పత్రికలు తరచు రాస్తాయి. వస్తువుగా చూస్తే ఈ ఉపమానం న్యాయం కాదు. పొరలన్నీ కలిసి పట్టి ఉండటమే బొంతకుట్టు పని.

సామగ్రి

మంచి బొంతకు మూల సరుకు బాగా నలిగిన నూలు బట్ట: చీరలు, పంచెలు, లుంగీలు, పాత దుప్పట్లు. వెంకటగిరి వంటి సన్ననూలు చీరలు పసిపిల్లల బొంతకు తగినవి. నారాయణపేట, మంగళగిరి నూలు చీరలు కాస్త దిట్టంగా ఉంటాయి కనుక పై పొరకు బాగుంటాయి. గద్వాల చీరలో ఒంటిభాగం నూలు, అంచు, కొంగు పట్టు. ఉతికినప్పుడు రెండూ ఒకేలా ముడుచుకోవు కాబట్టి అంచు విప్పి నూలుభాగాన్నే తీసుకుంటారు. జరీ గుచ్చుకుంటుంది, అదీ తీసేయాలి. పాలియెస్టరు చీర కుట్టుకింద జారుతుంది, చెమట పీల్చదు.

పనిముట్లు కొద్దివే. పొడవాటి సూది, దళసరి పొరలకు సన్న దబ్బనం, గట్టి నూలు దారం, కత్తెర, వేలికి తొడుక్కునే లోహపు తొడుగు. పాత చీర అంచునుంచి లాగిన రంగు పోగులనే కలిపి దారంగా వాడే అలవాటు బెంగాలులో ప్రసిద్ధం.

కుట్టే పద్ధతి

ముందు బట్టలను ఉడుకునీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో బాగా ఆరేస్తారు. గంజి మిగిలితే సూది బిరుసుగా దిగుతుంది, పురుగూ చేరుతుంది. చిరుగులున్న చోట మాసిక వేస్తారు, లేదా ఆ భాగం లోపలి పొరల్లోకి వెళ్ళేలా మడతపెడతారు.

ఒంటిమనిషి బొంత లెక్క ఇలా ఉంటుంది. ఆరు గజాల చీర అంటే సుమారు అయిదున్నర మీటర్లు. దాన్ని పొడవున మూడు మడతలు వేస్తే మనిషి పొడవుకు సరిపడా 1.8 మీటర్లు వస్తుంది. వెడల్పు చీర పన్నా ఎంతో అంత, అంటే 1.1 నుంచి 1.2 మీటర్లు. ఇలా రెండు చీరలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆరు పొరలు. ఇద్దరు పడుకునే బొంతకు రెండు పన్నాలు కలిపి కుట్టాలి.

పొరలను శుభ్రమైన గచ్చుమీద లాగి పరిచి నాలుగు మూలలా బరువు పెడతారు. అరచేత్తో నడిమి నుంచి అంచులకు నిమురుతూ లోపలి ముడతలు తీస్తారు. ఈ దశలో తొందరపడితే తర్వాత సరిదిద్దడం కష్టం. అడుగు పొరలో నిలిచిన ముడత కుట్టుకింద పడి గట్టి కట్టలా మిగిలి, పడుకున్నప్పుడు వీపుకు తగులుతుంది. ముడతలు పోయాక జానెడేసి దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలను తాత్కాలికంగా పట్టిస్తారు. అంచులు లోపలికి మడిచి చుట్టూ కుడతారు.

అసలు కుట్టు నేరుగా సాగే దూటుకుట్టు. కుట్టే మనిషి బొంతమీదే కూర్చుంటుంది. తన బరువే బట్టను బిగించి ఉంచుతుంది. ఎడమచేయి కింద ఉండి సూదిమొన దిగిందో లేదో వేలికొసతో పసిగడుతుంది, కుడిచేయి పైన మూడు నాలుగు కుట్లను సూదిమీద ఎక్కించి ఒకేసారి దారం లాగుతుంది. దారం మరీ బిగిస్తే బట్ట కుచ్చుకుంటుంది, వదులైతే పిల్లల కాలివేళ్ళు చిక్కుకుంటాయి. వరసల మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచుతారు. రెండు వేళ్ళంటే మూడున్నర సెంటీమీటర్లు అనుకుంటే, పైన చెప్పిన ఒంటి బొంతకు ముప్పైమూడు వరసలు, మొత్తం అరవై మీటర్ల కుట్టు. ఒంటి వేలి ఎడమైతే అది ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇదంతా ఒక చిన్న సూది పొరలు దాటుతూ నడిచిన దూరం. కట్టిన కూలీలోనో, ఇంటిపని జాబితాలోనో ఇది ఎప్పుడూ సరిగ్గా లెక్కకు రాలేదు.

కుట్టు దిశ రెండు రకాలు. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు వరసలుగా పోయేది ఒకటి. చుట్టూ అంచువెంబడే తిరుగుతూ లోపలికి కుదించుకుంటూ నడిమికి చేరేది మరొకటి. రెండో పద్ధతిలో చదరం లోపల చదరంగా గీతలు ఏర్పడతాయి, అంచులు ఎక్కువకాలం నిలుస్తాయి.

కుట్టుమిషను మీద బొంత కుట్టడం ఇప్పుడు మామూలే. పని గంటల్లో అవుతుంది. అయితే మిషను పాదం పై పొరను ముందుకు నెట్టడంవల్ల పొరలు జరిగి చివర ముడతలు పడతాయి. పొరలన్నిటినీ సమంగా లాగే ప్రత్యేకమైన పాదం బిగించి దీన్ని నివారిస్తారు. చేతికుట్టు బొంత మెత్తగా వంగుతుంది, మిషను బొంత కొంచెం బిగుసుగా ఉండి ఉతుకుళ్ళకు ఎక్కువ ఆగుతుంది.

వెచ్చదనం ఎలా వస్తుంది

బట్ట వేడిని పుట్టించదు, ఒంటి వేడి పోకుండా ఆపుతుంది. కదలని గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. బొంత పొరల మధ్య చిక్కిన సన్నని గాలితెరలు ఆ పని చేస్తాయి. ఒక్క దళసరి బట్టకంటే, అంతే బరువున్న పలచని పొరలు ఎక్కువ వెచ్చగా ఉండటానికి కారణం ఇదే. కుట్టు మరీ దగ్గరైతే పొరలు నొక్కుకుపోయి గాలి తగ్గుతుంది, బొంత గట్టిపడి మన్నుతుంది కాని వెచ్చదనం కొంత పోతుంది. అందుకే పరుచుకునే బొంతకు దగ్గర కుట్టు, కప్పుకునేదానికి ఎడం కుట్టు తగినవి. తడిసిన బొంతలో గాలి స్థానాన్ని నీరు ఆక్రమిస్తుంది కాబట్టి అది చలిని ఆపలేదు.

భారతీయ రకాలు

కాంథా: పశ్చిమబెంగాల్, బంగ్లాదేశ్. దూటుకుట్టుతోనే పద్మాలు, చెట్లు, రథాలు, ఏనుగులు నింపే నక్షీ కాంథా దీనిలో మేటి. పశ్చిమబెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. కవి జసీముద్దీన్ 1929లో వెలువరించిన నక్షీ కాంథార్ మాఠ్ కావ్యంలో నాయిక తన జీవితకథను కాంథాగా కుడుతుంది. కోల్‌కతాలోని గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరీ దాసి అనే స్త్రీ తండ్రి కోసం కుట్టిన కాంథా ఉంది. కుట్టినవారి పేరు బట్టమీదే నిలిచిన అరుదైన వాటిలో అది ఒకటి.

సుజనీ: బిహార్‌లోని ముజఫర్‌పూర్ జిల్లా. పసిబిడ్డల కోసం పాతచీరలతో కుట్టే ఈ బొంతను 1988 నుంచి భూస్రా గ్రామంలో స్త్రీలు ఉపాధిగా మలచుకున్నారు. కట్నం, ఆడపిల్లల చదువు, ఊరి పంచాయతీ వంటి విషయాలు బొమ్మలుగా ఎక్కించారు. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రల్లీ: సింధ్, రాజస్థాన్, కచ్ ప్రాంతాలు. ముదురు రంగుల చదరాలు, కత్తిరించి అతికించిన నమూనాలు. పెళ్ళికూతురితో పాటు పంపే సారెలో ముఖ్యం.

కౌది: ఉత్తర కర్ణాటక. మహారాష్ట్రలో దీనికి గోధడీ సమానం. తెలుగు బొంతకు ఇవి చాలా దగ్గరివి, సరిహద్దు జిల్లాల్లో తేడా పట్టడం కష్టం.

కవంది: ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల బొంత. అంచునుంచి లోపలికి ముక్కలను చేరుస్తూ కుడతారు. చివర నాలుగు మూలలా ఫులా అనే మడత గుడ్డ ముక్కలు కుట్టందే బొంత పూర్తయినట్టు లెక్కించరు.

ఏకిన దూదితో చేసేవాటిలో జైపూర్ రజాయి తేలికదనానికి పేరుపొందింది. ముర్షిదాబాద్ బాలాపోష్‌లో అత్తరు పట్టించిన దూదిని పట్టుబట్టల నడుమ పరిచి, చుట్టూ అంచు మాత్రమే కుడతారు. నడుమ కుట్టు ఉండదు.

ఇతర దేశాల్లో

అమెరికాలో పలకలుగా అతికే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. ఇరుగుపొరుగు స్త్రీలు ఒక చట్రం చుట్టూ కూర్చుని ఒక్కరోజులో ఒక క్విల్టు ముగించే సమావేశాలు పల్లె జీవితంలో భాగమయ్యాయి. జార్జియాలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ (1837-1910) కుట్టిన బైబిల్ క్విల్టు ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థలో ఉంది. డబ్బు అవసరమై ఆమె దాన్ని 5 డాలర్లకు అమ్ముకుంది. అలబామాలో నదివంపులో ఉన్న జీస్ బెండ్ అనే నల్లజాతివారి పల్లెలో పొలం పని ప్యాంట్లు, పిండి సంచులతో కుట్టిన క్విల్టులను 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ప్రదర్శించింది. 2006లో అవి అమెరికా తపాలా బిళ్ళలపైకెక్కాయి.

జపానులో మంచు ప్రాంతపు రైతులు చిరిగిన నార బట్టలమీద ముక్కపై ముక్క వేసి తరతరాలుగా కుడుతూ వచ్చినవాటిని బోరో అంటారు. ఆ బిగింపు కుట్టు సాషికో. ఉద్దేశంలో, రూపంలో ఇది తెలుగు బొంతకు చాలా సన్నిహితం.

ఇంటిపట్టు కాలం, బొంత

బొంతకు బట్టకంటే ఎక్కువ కావలసింది తీరిక. అదీ తునకలు తునకలుగా దొరికే తీరిక. మధ్యలో పక్కన పెట్టి, మళ్ళీ తీసుకుని, ఆపిన కుట్టు దగ్గర్నుంచి సాగించవచ్చు. తెలుగు ఇళ్ళలో దీనికి వేసవి మధ్యాహ్నాలు అనువైనవి. వడియాలు, అప్పడాలు పెట్టే రోజుల్లోనే బొంతబట్టలూ ఎండకెక్కేవి. భోజనాలయ్యాక వసారాలో బొంత పరుచుకుని ఇద్దరు ముగ్గురు తలోవైపు కుట్టడం, మాటలు, రేడియో, పిల్లలతో సూదికి దారం ఎక్కించుకోవడం ఆ పనిలో భాగం. ఏ చీర ఎవరిదో, ఏ పండక్కి కొన్నదో ఈ కూర్చోవడంలోనే పిల్లలకు తెలిసేది. ముసురు పట్టిన రోజులు, కాన్పు తర్వాత ఇల్లు కదలని నెలలు, జబ్బు నుంచి కోలుకునే కాలం కూడా ఇలాంటి పనికి వీలైనవే. ఇది వినోదమా, శ్రమా అని విడదీయడం కుదరదు. చేసేవారికి అది రెండూ.

ఇల్లు కాని చోట బంధించినప్పుడూ మనుషులు ఈ పనిని ఆశ్రయించారు. 1841లో ఇంగ్లండు నుంచి హోబర్టుకు రాజా అనే ఓడలో తరలించిన స్త్రీ ఖైదీలు ప్రయాణంలో కుట్టిన అతుకు వస్త్రంలో 2,815 ముక్కలు ఉన్నాయి. బట్ట, దారం, సూదులు జైళ్ళ సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై ప్రేరణతో ఏర్పడిన స్త్రీల సంఘం సమకూర్చింది. అది ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రంగా ఉంది. 1942లో సింగపూరులోని చాంగీ జైలులో జపాను సైన్యం నిర్బంధించిన స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో చదరం కుట్టి మూడు క్విల్టులు తయారుచేశారు. పురుషుల శిబిరంలో ఉన్న భర్తలకు తాము బతికే ఉన్నామని తెలిపే మార్గం అప్పుడు వారికి అదే. ప్రతి చదరంమీద పేరు కుట్టుకున్నారు.

కోవిడ్ వల్ల 2020 మార్చి 25 నుంచి దేశమంతా ఇంటికి పరిమితమైనప్పుడు చాలా ఇళ్ళలో అటకెక్కిన మిషన్లు కిందికి దిగాయి. మొదట కుట్టినవి బొంతలు కావు, మాస్కులు. పాత నూలు చీరను పొరలుగా మడిచి కుట్టడం అనే తెలిసిన విద్యే అక్కడ పనికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడేసి మాస్కులు ఇవ్వాలని ఆ ఏప్రిల్‌లో నిర్ణయించి, కుట్టే పనిని స్వయంసహాయక సంఘాల స్త్రీలకు అప్పగించింది. మాస్కుల తొందర తగ్గాక మిగిలిన ముక్కలతో అతుకు పని, పాత చీరలతో బొంతలు మొదలుపెట్టినవారు, వీడియోలు చూసి నేర్చుకున్నవారు దేశదేశాల్లో ఉన్నారు.

సామాజిక ప్రాముఖ్యం

బొంత పొదుపు వస్తువు. బట్ట చివరి పోగు వరకూ వాడే ఇంటి ఆర్థికనీతి దానిలో ఉంది. పాత బట్టల చెత్త పెద్ద సమస్యగా మారిన కాలంలో దీన్ని పర్యావరణ దృష్టితో మళ్ళీ చర్చిస్తున్నారు. అదే సమయంలో లేమిని అందంగా చిత్రించకుండా జాగ్రత్తపడాలి. చాలామంది బొంత కుట్టింది కొనే స్తోమత లేక.

జ్ఞాపకాన్ని నిలపడానికీ ఇది వాహకమైంది. ఎయిడ్స్‌తో మరణించినవారి కోసం అమెరికా ఉద్యమకారుడు క్లీవ్ జోన్స్ ఆలోచనతో మొదలైన స్మారక క్విల్టును 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో 1,920 పలకలతో పరిచారు. ఒక్కో పలక మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఇంచుమించు ఒక సమాధి కొలత. ఇప్పుడు పలకలు సుమారు 50,000. ఇళ్ళలో కన్నుమూసిన అమ్మ చీరలను పంచుకుని బొంతగా కుట్టించుకోవడం చిన్న స్థాయిలో ఇలాంటిదే. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లోనూ ఈ అలవాటు కనిపిస్తుంది.

కళగా గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. న్యూయార్కులోని విట్నీ మ్యూజియం 1971లో క్విల్టులను గోడకు వేలాడదీసి చూపడం మలుపుగా చెబుతారు. నెబ్రాస్కాలోని లింకన్‌లో 1997లో స్థాపించిన సంస్థ నేడు అంతర్జాతీయ క్విల్టు మ్యూజియంగా నడుస్తోంది. కాంథా, సుజనీలకు దక్కిన పరిశోధన, సేకరణ తెలుగు బొంతకు దక్కలేదు. బొమ్మలు లేకపోవడం ఒక కారణం. సాదా వరసల కుట్టులో ప్రాంతానికీ ఇంటికీ ఉన్న తేడాలు, అంచు తీర్చే పద్ధతులు నమోదు చేయదగినవి. కుట్టిన స్త్రీలు ఇంకా ఉండగానే ఈ పని జరగాలి.

నేటి స్థితి

1970ల తర్వాత నైలాన్, పాలియెస్టరు చీరలు ఇళ్ళలోకి రావడంతో బొంతకు తగిన పాత నూలు తగ్గింది. చవకైన మర దుప్పట్లు, ఫోము పరుపులు బొంత అవసరాన్నీ తగ్గించాయి. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళడంతో మధ్యాహ్నపు తీరిక పోయింది. మరోవైపు ఏసీ గదుల్లో కప్పుకోవడానికి తేలికైన నూలు పొరల దుప్పటి అవసరమైంది. దోహర్ పేరుతో దుకాణాల్లో అమ్మే మూడు పొరల దుప్పటి ఆ అవసరాన్ని తీరుస్తోంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ బట్టలతో అతుకు క్విల్టులు కుట్టి అమ్మే చిన్న యూనిట్లు ఉన్నాయి. ఊళ్ళలో పాత చీరలు తీసుకుని కూలికి బొంత కుట్టి ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. కూలి పొరలను బట్టి, కుట్టు ఎడాన్ని బట్టి మారుతుంది.

సంరక్షణ

బొంతను నెలకోసారైనా ఎండలో వేయాలి. రంగు బట్ట పైకి ఉంటే వెలుస్తుంది కాబట్టి తిరగేసి ఆరేయడం మంచిది. తడిసిన బొంత బరువు చాలా పెరుగుతుంది. ఒక్క తీగమీద మడిచి వేస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి. రెండు మూడు తీగలమీద పరిచి, లేదా మంచంమీద వేసి ఆరబెట్టాలి. లోపలి పొరలు పూర్తిగా ఆరకముందే మడిస్తే బూజు పడుతుంది. బీరువాలో దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వాడకూడదు, పాత పంచెలో చుట్టి పెట్టాలి. ఒకే మడతమీద ఏళ్ళ తరబడి ఉంచితే పోగులు ఆ గీతవెంట విరుగుతాయి, అందువల్ల అప్పుడప్పుడు మడత మార్చాలి. పాడైన చోట కొత్త బట్టతో కాకుండా అంతే నలిగిన పాతబట్టతో మాసిక వేయాలి. కొత్తబట్ట ఉతికినప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న పాతబట్టను చింపుతుంది.